జరిపిన తేదీ

పోయిన వారం మనం హాలు మేనేజరు ఫోను దగ్గర ఆగాం. "శుక్రవారం తెర కట్టడానికి ఏ వేళకి వస్తారండీ? శనివారం ప్రారంభం కదా, లైట్లవాళ్లకి కూడా టైమివ్వాలి" అని ఆయన మామూలుగానే అడిగాడు. కోడలు తలెత్తి గోడ మీది పెద్ద స్క్రీను వైపు చూసింది. తెర పని వచ్చే వారం శుక్రవారం గడిలో తాపీగా కూర్చుని ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. అది పరదాలు కుట్టే ఇల్లు. కింద షాపు, పైన కాపురం. అత్తగారు ఒకే ఒక్క మిషనుతో మొదలుపెట్టి పెంచిన వ్యాపారం. మోకాళ్లు మొరాయించాక పెత్తనం కోడలి చేతిలో పెట్టి ఆవిడ పైకి వెళ్లిపోయింది. ఆ తర్వాత షాపులో అడుగుపెట్టలేదు. కోడలు పగ్గాలు అందుకోగానే చేసిన మొదటి పని ఆన్‌లైన్‌లో ఒక ప్లానరు తీసుకోవడం. ఇంటి పనీ షాపు పనీ అన్నీ అందులోనే. ఏ పరదా ఎవరి చేతిలో ఉంది, ఏ గుడ్డ ఎప్పుడొస్తుంది, ఎవరు సెలవు, వంటింట్లోకి గ్యాసు బండ ఎప్పుడు కావాలి, భర్త కళ్లజోడు ఎప్పుడు తెచ్చుకోవాలి, ఒక్కో పనికి ఒక్కో కార్డు. షాపు కార్డులు నీలం, ఇంటి కార్డులు ఆకుపచ్చ. అందరి ఫోన్లలోనూ అదే, షాపు గోడ మీదా అదే, పైన వంటింటి ట్యాబులోనూ అదే. షాపులో దాన్ని బోర్డు అంటారు కాబట్టి పనివాళ్లు చాటుగా ఆమెకి బోర్డమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిసి ఆమె నవ్వుకుంది తప్ప కోపం తెచ్చుకోలేదు. బోర్డు వచ్చాక ఒక్క ఆర్డరూ ఆలస్యం కాలేదు మరి.

ఇవాళ మంగళవారం. నాటకాల హాలుకి కొత్త తెర. ఆ షాపుకి ఇంతవరకూ వచ్చిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది.

"పొద్దున్నే వచ్చేస్తామండీ" అంది కోడలు ఫోన్లో. ఫోను పెట్టేశాకే ఒక చెయ్యి బల్ల మీద ఆనించుకుంది.

ఎరుపు మఖమలు తాన్లు గోడ పక్కన కాగితం చుట్టలు కూడా విప్పకుండా నిలబడి ఉన్నాయి. అస్తరు గుడ్డ కుట్టడం అయిందిగానీ మఖమలు మీద ఇంకా కత్తెర పడలేదు. పై వారం పని కదా అని అందరూ కిటికీ పరదాల మీద పడి ఉన్నారు.

ఆమె ముందు చెయ్యాల్సింది ముందు చేసింది. ఫోను తీసి తెర కార్డుని ఈ శుక్రవారానికి లాగింది. దానితోపాటు కోత, కుట్టు, కుచ్చులు, కింద బరువు గొలుసు, అన్ని కార్డులూ ఒకదాని వెనక ఒకటి గొలుసుకట్టుగా వచ్చి ఈ వారంలో పడ్డాయి. గురువారం గడిలో ఆకుపచ్చ కార్డేదో అడ్డొచ్చింది. ఇంటి పనే కదా అని చదవకుండానే వేలితో పై నెలలోకి తోసేసింది. ఆ తర్వాత మిషన్లన్నీ ఆపమని చెయ్యెత్తింది.

"తెర తేదీ ఎవరు జరిపారు?"

కటింగ్ మాస్టారు మెడలో టేపు సర్దుకున్నాడు. ఆయన అత్తగారి కాలం నుంచీ ఆ బల్ల దగ్గరే నిలబడ్డ మనిషి.

"నా వైపు చూడకమ్మా. ఆ అద్దం నా వేలిని గుర్తుపట్టదు. కత్తెర పట్టీ పట్టీ వేళ్లు చెక్కలయిపోయాయి. ఎంత నొక్కినా అది ఉలకదు, పలకదు."

"నేను నొక్కితే అన్నీ పలుకుతాయి" అంది మిషను మీద కూర్చున్న పిన్ని. ఆవిడ నిజానికి ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నే. "మొన్న బొత్తాలు కావాలని పెట్టబోతే మీ ఆయనకి సెలవు మంజూరైపోయింది. పాపం, ఆయన ఇంట్లో కూర్చున్నాడు కూడా. అందుకని నేను చూడ్డమే తప్ప ముట్టుకోవడం మానేశాను."

ఎవరో కిసుక్కుమన్నారు. కోడలు నవ్వలేదు. తెర కార్డు తెరిచి కిందికి జరిపింది. ఎవరు ఏ మార్పు చేశారో అక్కడ ఉంటుంది. పిన్ని మిషను వదిలి వచ్చి ఆమె భుజం మీంచి తొంగిచూసింది.

"అయ్యో, నీ పేరే చెప్తోందేమిటమ్మాయ్!"

నిన్నటిదాకా ఒక్క కుట్టు తప్పినా బోర్డు చూపించి అడిగిన మనిషి. ఇప్పుడు బోర్డు ఆ మనిషినే చూపిస్తోంది. మాస్టారు మొహం పక్కకి తిప్పుకుని, "పోనీలేమ్మా, మనిషన్నాక..." అని గొణిగాడు. ఆ జాలి కోడలికి నచ్చలేదు.

"నేను కాదు మాస్టారూ. నేనే చేసి ఉంటే నేనే అని చెప్పేదాన్ని. నా పేరు మీద మా ఇంటి ట్యాబులోంచి జరిగింది. అదేమిటో నేను కనుక్కుంటాను. మీరు కిటికీ పరదాలన్నీ తీసేసి బల్ల ఖాళీ చెయ్యండి. మఖమలు పరవండి. శుక్రవారం పొద్దున్న ఆ తెర హాల్లో వేలాడుతుంది."

ఆ చివరి మాట ఆమె గట్టిగానే అంది. అన్నాక తను నమ్మింది కూడా.

మెట్లెక్కుతుంటే కుడి డొక్కలో పాత నొప్పి ఒకసారి పొడిచి ఊరుకుంది. ఆమె మెట్ల పక్క కమ్మీ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగి, ఏమీ జరగనట్టు మళ్లీ ఎక్కింది.

వంటింట్లో అత్తగారు బల్ల ముందు కూర్చుని ఉతికిన దిండు గలీబులు మడతపెడుతోంది. ఎదురుగా చక్కెర డబ్బాకి ఆనించి ట్యాబు. దాని మీద ఆకుపచ్చ, నీలం గళ్లు.

"అత్తయ్యా, ఈ ట్యాబులో మీరేమైనా కదిపారా?"

"కదిపాను" అంది అత్తగారు, గలీబు అంచులు కలుపుతూ.

కోడలు అడుగుదామనుకున్న తక్కిన ప్రశ్నలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆవిడ కాసేపు నీళ్లు నములుతుందనీ, చేతులు తుడుచుకుంటుందనీ, ఏదో సాకు చెబుతుందనీ ఆమె అనుకుంది.

"ఏం కదిపారు?"

"తెర. పై వారానికి జరిపాను. ఈ గురువారం ఖాళీ చేసి అందులో నీ ఆపరేషను పెట్టాను. ఆసుపత్రికి నేనే ఫోన్ చేశాను. అక్కడ ఫోనెత్తిన పిల్ల నీ పేరు చెప్పగానే, 'ఆవిడా!' అంది. అంత పేరు తెచ్చుకున్నావు అక్కడ. సరే, చోటిచ్చింది. నువ్వు చూసి అరుస్తావనుకున్నాను, జవాబు కూడా తయారుగా పెట్టుకున్నాను. నువ్వు చూడందే! నీ ఒంటికి సంబంధించిన కార్డు ఏదీ నీ కంటికి ఆనదుగా."

"అత్తయ్యా, తెర ఈ శుక్రవారం కట్టాలి. శనివారం హాలు ప్రారంభం."

"పై వారం అని పెట్టానుగా."

"మీరు పెడితే సరా? హాలువాళ్లకి ఎవరు చెప్పారు?"

అత్తగారు చేతిలో పని మొదటిసారి ఆపింది. "అదే చెప్తుందిగా."

"ఏది?"

"ఇదే. నీ ప్లానరు."

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చోకపోతే నవ్వో ఏడుపో ఏదో ఒకటి వచ్చేలా ఉంది.

"అది చెప్పదత్తయ్యా. మనం ఏం అనుకున్నామో మనకి గుర్తుచేస్తుంది, అంతే. అందులో తేదీ మారిస్తే మన తేదీ మారుతుంది. లోకం తేదీ ఎందుకు మారుతుంది?"

"నాకు చెప్పకు. నా కళ్లారా చూశాను" అంది అత్తగారు. "ఆసుపత్రి కార్డు నువ్వు జరిపినప్పుడల్లా ఆసుపత్రివాళ్ల దగ్గర తేదీ మారిందా, లేదా? ఒక్కసారైనా నువ్వు ఫోనెత్తావా? ఇక్కడే నిలబడి, పాలు పొంగకుండా ఒక కంట చూసుకుంటూ, వేలితో ఇలా అన్నావు. అంతే. సాయంత్రానికి 'మీ తేదీ మార్చాం' అని వాళ్ల కబురు. నువ్వు వేలు కదిపితే డాక్టరు కత్తి పక్కన పెట్టి ఆగుతున్నాడు. నేను కదిపితే హాలువాడు ఒక గుడ్డ కోసం వారం ఆగలేడా అనుకున్నాను."

అత్తగారిది తెలివితక్కువతనం కాదు. చూసిన దాన్నిబట్టి ఎవరైనా అలాగే అనుకుంటారు.

"ఆ కార్డుకి ఒక ఏర్పాటుందత్తయ్యా" అంది కోడలు నెమ్మదిగా. "అది పై తేదీకి జరిగితే మీ అబ్బాయి ఫోనుకి ఒక పని వెళ్తుంది, ఆసుపత్రికి ఫోన్ చేసి కొత్త తేదీ అడగమని. ఆయన చేస్తారు. అందుకని అక్కడ మారేది."

"ఆ ఏర్పాటు ఎవరు చేశారు?"

"నేనే. ప్రతిసారీ ఆసుపత్రి అమ్మాయి చేత మాటలు పడలేక."

"ఓహో" అంది అత్తగారు. గలీబు మడతని అరచేత్తో ఒకసారి సాపు చేసింది. "వాయిదా వెయ్యడానికి కూడా మనిషిని పెట్టుకున్నావన్నమాట."

ఆ మాట సూటిగా తగిలింది. కోడలికి తన తెలివితేటల మీద గర్వంగా ఉండేది. ఆ ఏర్పాటు చేసిన రోజున తన భుజం తానే తట్టుకుంది కూడా. అదే పని ఇప్పుడు అత్తగారి నోట వింటుంటే సిగ్గుగా ఉంది. సిగ్గులోంచి కోపం వచ్చింది.

"సరే, నాది తప్పే. కానీ మీరు చేసిందేమిటి? నన్నడక్కుండా నా పేరు మీద జరిపారు. కింద అందరూ నేనే మరిచిపోయాననుకుంటున్నారు. మాస్టారు నా మీద జాలిపడుతున్నాడు. మాస్టారు! ఎవరి మీదా జాలిపడని మనిషి!"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"మరి?"

"అయినా అడగాలత్తయ్యా. నా ఒళ్లు నాది. షాపు కూడా నా చేతికే ఇచ్చారు. ఒకేసారి రెండింటి మీదా చెయ్యి వేసి, నాకు చెప్పకుండా గలీబులు మడతపెడుతూ కూర్చున్నారు."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. ఆవిడకి ఎదురు మాట్లాడేవాళ్లంటే ఇష్టం. ఆ ఇష్టం బయటపడకుండా ఉండటం ఇంకా ఇష్టం.

"నిజమే. అడగాల్సింది. హాలువాళ్లకి తెలియదని తెలిస్తే తెరని ముట్టుకునేదాన్ని కాదు. చేతికొచ్చిన పని చెడగొట్టడం నా ఇంటా వంటా లేదు. అది నా తప్పు, ఒప్పుకున్నాను. కానీ ఆపరేషను మాటలో మాత్రం తప్పు నాది కాదు. మొన్న డాబా మీద బట్టలు ఆరేస్తూ గోడ పట్టుకుని నిలబడిపోయావు. నన్ను చూడగానే ఖాళీ బకెట్టు తీసుకుని ఏదో పనున్నట్టు దిగిపోయావు. నాకు మోకాళ్లు పోయాయిగానీ కళ్లు పోలేదు. డాక్టరేమన్నాడు? నీ పిత్తాశయంలో ఉన్న ఆ రాళ్లలో ఒకటి దారిలోకి జారి అడ్డం పడిందంటే, అప్పుడిక తేదీ మనం పెట్టుకునేది కాదన్నాడా, లేదా?"

"అన్నాడు."

"మరి?"

"తెర ఒక్కటి అయిపోనివ్వండి..."

"తెర అయ్యాక ఆఫీసు కిటికీలు. అవయ్యాక స్కూలువాళ్ల పరదాలు. నేను కూడా ఈ షాపు నడిపానమ్మాయ్. 'ఇదొక్కటి అయిపోనీ' అన్న మాట నాకేం కొత్త కాదు, ఆ మాటతోనే మోకాళ్లు పోగొట్టుకున్నాను. ఎప్పుడూ నీ కార్డే ఎందుకు జరుగుతుందో తెలుసా? మిగతావి ఏది జరిపినా ఎవరో ఒకరు వచ్చి అరుస్తారు. హాలువాడు అరుస్తాడు, ఆఫీసువాడు అరుస్తాడు. గ్యాసు బండ జరిపితే నేనే అరుస్తాను. నీది జరిపితే అరిచేవాళ్లు లేరు. అందుకని నేను అరుస్తున్నాను."

నిజానికి ఆవిడ గొంతు పెంచనే లేదు. మడతపెట్టిన గలీబులు ఒకదాని మీద ఒకటి పేర్చి, బల్ల అంచుకి సరిగ్గా జరిపింది.

కిందినుంచి బల్ల జరుపుతున్న చప్పుడు, మఖమలు తాను దించిన దబ్బుమన్న చప్పుడు వినబడ్డాయి. ఆ చప్పుళ్లు వింటూ కోడలు లెక్క వేసుకుంటోంది. ఇవాళ కోత. రేపు కుట్టు. ఎల్లుండి కుచ్చులు, గొలుసు. తను లేకపోతే ఏది ఆగుతుంది? ఏదీ ఆగనక్కర్లేదేమో. ఆ ఆలోచన ఆమెకి కొత్తగా ఉంది.

"సరే" అంది. "గురువారం వెళ్తాను. రేపు రాత్రికల్లా కుట్టు అయిపోయేట్టు..."

అని ఠక్కున ఆగిపోయింది.

గురువారం. ఆకుపచ్చ కార్డు. ఇందాక వేలితో తోసేసిన కార్డు.

ఆమె ట్యాబు లాక్కుంది. ఆపరేషను కార్డు పై నెల గడిలో ఉంది. దాని కిందే భర్త పేరు మీద ఒక పని పడి ఉంది, 'ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ మార్చాలి' అని. పక్కన గడిలో టిక్కు కూడా పడిపోయింది.

"ఏమైంది?"

"మీ అబ్బాయి అప్పుడే ఫోన్ చేసేశారు."

ఆయన ఊరికి అవతల ఒక ఆఫీసులో పరదాలు బిగించడానికి పొద్దున్నే వ్యాను వేసుకుని వెళ్లాడు. భార్య నోటితో చెప్పిన పని రెండు రోజులకి చేస్తాడేమోగానీ, బోర్డు మీద కార్డు పడిందంటే నిచ్చెన మీదున్నా దిగి చేసేసే రకం. టిక్కు పెట్టడమంటే ఆయనకి అంత సరదా.

కోడలు ఆసుపత్రికి ఫోన్ చేసింది. పేరు చెప్పగానే అవతలి అమ్మాయి పెద్ద నిట్టూర్పు విడిచింది.

"గురువారం వద్దని మీవారు ఇందాకే చెప్పారు కదండీ. ఆ చోటు వేరేవాళ్లకి ఇచ్చేశాం. ఇప్పుడు మళ్లీ కావాలంటే ఎలా?"

"పొరపాటైంది. ఇంకెప్పుడుంది?"

"రెండు నెలల దాకా లేదండీ." కాగితాలు తిప్పిన చప్పుడు. "ఒక్క నిమిషం. రేపు పొద్దున చెయ్యాల్సినావిడకి జ్వరం తగిలింది, రావట్లేదు. రేపైతే ఉంది. ఈ సాయంత్రమే వచ్చి చేరాలి. వస్తారా, లేక మళ్లీ మార్చుకుంటారా?"

ఆ 'మళ్లీ'లో ఉన్న వెటకారం ఫోనులోంచి కూడా స్పష్టంగా తెలిసింది.

రేపు. కుట్టు పడే రోజు. షాపులో ప్రతి మిషనూ, ప్రతి చెయ్యీ కావాల్సిన రోజు. రెండు నెలలంటే తీరిగ్గా, ఆర్డర్లన్నీ చూసుకుని, అన్నీ సర్దుకుని... కోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ ఏమైనా అంటుందేమోనని చూసింది. అత్తగారు ఏమీ అనలేదు. పెదాలు బిగించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇందాక తను 'అడగాలి' అన్న మాట ఆవిడ మనసులో పెట్టుకుందని కోడలికి అర్థమైంది.

"వస్తున్నాను. పేరు రాసుకోండి" అంది కోడలు. "ఇంకో మాటండీ. తేదీ మార్చమని మా ఇంట్లోంచి ఎవరు ఫోన్ చేసినా ఒప్పుకోవద్దు. నేనే చేసినా సరే."

అవతలి అమ్మాయి మొదటిసారి నవ్వింది. "అలాగే మేడం. పెద్దక్షరాలతో రాసి పెడతాను."

ఫోను పెట్టేసి, కోడలు ముందు ఆ ఏర్పాటు తీసి పారేసింది. ఆ తర్వాత భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇంటికి రండి."

"కార్డేం రాలేదే?"

"కార్డు లేదు. నేను పిలుస్తున్నాను."

"వస్తున్నా" అన్నాడాయన. ఎందుకని అడగలేదు.

"అత్తయ్యా, మీరు మెట్లు దిగగలరా?"

"దిగడానికేం, ఎక్కడమే కష్టం. ఎక్కించడానికి నా కొడుకున్నాడు" అంటూనే ఆవిడ కుర్చీలోంచి లేచింది. అడగడం కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచింది.

అత్తగారు పక్కవాటుగా ఒక్కో మెట్టే దిగుతుంటే కింద ముందుగా చూసింది పిన్ని. "అమ్మో, పెద్దావిడ! ఆ రేడియో ఆపండర్రా!" అని గబగబా దారం ముక్కలు ఊడ్చెయ్యడం మొదలుపెట్టింది. మాస్టారు కత్తెర కింద పెట్టాడు. ఆ తర్వాత తన స్టూలు లాగి బల్ల పక్కన వేశాడు. ఆయన స్టూలు ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు.

కోడలు అందరినీ కోత బల్ల చుట్టూ పిలిచింది. దాచకుండా చెప్పింది.

"తెర జరిపింది నేను కాదు, అత్తయ్య. నా ఆపరేషను కోసం జరిపారు. హాలువాళ్లకి తెలియలేదు. అదీ సంగతి. తెర ఈ శుక్రవారమే. నేను మాత్రం ఈ సాయంత్రం ఆసుపత్రిలో చేరుతున్నాను. రేపు పొద్దున్న ఆపరేషను."

"ఆపరేషనా? ఎప్పట్నుంచీ బాధ?" అన్నాడు మాస్టారు.

"చాన్నాళ్లుగా మాస్టారూ."

"బోర్డు మీద ఉందిగా, ఆకుపచ్చగా!" అంది పిన్ని. "అది ఎప్పుడూ జరుగుతూనే ఉంటే, ఏదో పళ్లు తోమించుకునే వ్యవహారం కాబోలనుకున్నాను. మాతో చెప్పొద్దుటమ్మా?"

కోడలు ఫోను తీసి, తెర కార్డులో బాధ్యత అన్న చోట తన పేరు తీసేసి అత్తగారి పేరు పెట్టింది. 'ఇకపై ఈ పని కబుర్లు మీకు రావు. సరేనా?' అని అడిగింది ప్లానరు. గోడ మీది స్క్రీను మీద ఆ ప్రశ్న అందరికీ కనిపించేంత పెద్దగా పడింది. అందరూ దాన్నే చూస్తున్నారు. ఆమె 'సరే' మీద వేలు పెట్టింది.

"ఎవరికేం కావాలన్నా ఇక అత్తయ్యని అడగండి. నాకు ఫోన్ చెయ్యొద్దు. చేసినా ఎత్తను."

"ఎత్తుతావు" అన్నాడు మాస్టారు.

"ఎత్తను మాస్టారూ."

"చూద్దాం" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఇందాకటి జాలి లేదు. ఆమెకి అదే చాలనిపించింది.

అత్తగారు స్టూలు మీద సర్దుకుని కూర్చుని, పరిచిన మఖమలు మీద అరచెయ్యి ఆనించి ఇటు నుంచి అటు నిమిరింది. "మాస్టారూ, మొదటి పన్నా ముక్క కొయ్యండి. పిన్నీ, మిషన్లన్నిటికీ సూదులు మార్చు. మఖమలుకి పాత సూది పనికిరాదు. నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావమ్మాయ్? వెళ్లి సంచి సర్దుకో."

కోడలు పైకి వెళ్లింది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, ఛార్జరు సంచిలో పెట్టుకుంది. ఛార్జరు చూసి ఒక్క క్షణం ఆగి, పెట్టే ఉంచింది. స్నానం చేసి, జుట్టు గట్టిగా ముడివేసుకుంది. అద్దంలో చూసుకుంటే భయపడుతున్న మనిషిలా లేదు. చాలాకాలానికి తన వంతు వచ్చిన మనిషిలా ఉంది.

భర్త వచ్చేసరికి ఎండ చల్లబడింది. సంగతి విని తల పట్టుకున్నాడు. "నేను టిక్కు పెట్టేసి హాయిగా టీ తాగానే! నీ ఆపరేషను అని నాకు తెలియదా? తెలుసు. తెలిసీ ప్రతిసారీ..."

"నేను చెప్పిందే చేశారు. ఇకమీదట చెప్పినా చెయ్యకండి. రండి, వెళ్దాం."

షాపు ముందు వ్యాను ఆగి ఉంది. లోపల మిషన్లన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి. మొదటి పన్నాలు కుట్టుకి వచ్చాయన్నమాట. ఆ చప్పుడులో ఏ మిషను ఎవరిదో ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు. పిన్నిది కాస్త గరగరమంటుంది, గోడ పక్కది ఆగి ఆగి పరుగెడుతుంది. వ్యాను ఎక్కి కూర్చుని ఆ చప్పుడు వింటూ సంచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆపండి!" లోపల్నుంచి అత్తగారి గొంతు. "అన్నీ ఆపండి! ఎవరూ కుట్టొద్దు!"

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో గుడ్డ చరచరా చింపుతున్న చప్పుడు ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఎవరో "అయ్యయ్యో" అన్నారు.

భర్త తాళం తిప్పబోయి ఆగాడు. "ఏదో అయినట్టుంది. చూసి రానా?"

ఆమె చెయ్యి వ్యాను తలుపు పిడి మీదికి వెళ్లింది. దిగితే పది అడుగుల దూరం. లోపలికి వెళ్లి ఒక్క మాట అడిగి వచ్చెయ్యొచ్చు. అడిగితే రెండో మాట ఉంటుంది. ఆ తర్వాత ఇదొక్కటి చూసేసి వెళ్దామనిపిస్తుంది. ఆసుపత్రిలో ఆ చోటు చీకటి పడేదాకా కూడా తన కోసం ఆగదు. ఫోను చేతిలో ఉంది. అది మోగలేదు. మోగొద్దని తనే చెప్పింది.

ఆమె పిడి మీంచి చెయ్యి తీసింది.

"పోనివ్వండి" అంది.

వ్యాను కదిలింది. ఆయన వీధిలోకి తిప్పి, ఎదురుగా వస్తున్న వాహనాలకి దారిస్తూ ముందుకే చూస్తున్నాడు. ఆమె ఒక్కసారి పక్క అద్దంలోకి చూసింది. షాపు తలుపు తెరుచుకుంది. కటింగ్ మాస్టారు వీధిలోకి వచ్చాడు. ఆ మనిషి ఎప్పుడూ నడవడమే తప్ప పరుగెత్తడం ఆమె ఎరగదు. ఇప్పుడు మెడలో టేపు ఎగురుతుండగా, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, వ్యాను వెనకే పరుగెత్తుకొస్తున్నాడు.

భర్త అద్దంలోకి చూడలేదు. చూసింది ఆమె ఒక్కతే. మలుపు దగ్గర పడింది.